ఇద్దరి మధ్య మూడో మాట

మా మాస్టారు చొక్కా పై గుండీ పెట్టుకోకుండా ఉండగా మాలో ఎవ్వరం చూడలేదు. ఎంత ఉక్కగా ఉన్నా సరే, గొంతు దాకా బిగించుకుని, సైకిల్ షాపు పక్కనుంచి పైకి పోయే ఇనప మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకముందే సుద్దముక్క అందుకునేవారు. పగలంతా ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. బిల్లు పుస్తకాలు, మందుసీసాల లేబుళ్లు, కంపెనీల లెటర్‌హెడ్లు. ఎక్కడ ఒక చుక్క జారిపోయినా ఆయన కంట పడాల్సిందే. "పగలు అచ్చుతప్పులు, సాయంత్రం మీ తప్పులు. నా బతుకంతా తప్పులతోనే తెల్లారుతోంది" అనేవారు. ఆయన నవ్వకుండా అనేవారు కాబట్టి మేమే నవ్వేవాళ్లం.

నేను కళ్లజోళ్ల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. వచ్చినవాళ్లతో నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడలేకపోతే ఉద్యోగంలో ఎదుగూ బొదుగూ ఉండదని మా ఓనరు మొహమ్మీదే చెప్పాక ఈ సాయంత్రం క్లాసులో చేరాను. నా పక్క కుర్చీ లిఫ్టు మెకానిక్‌ది. ముందు వరసలో రిటైరైన ఓవర్సీయర్ గారు. ఆయనకి ఉద్యోగం అక్కర్లేదు. కుళాయి రాని రోజున ఆఫీసులకి ఇంగ్లీషులో ఫిర్యాదు రాయాలని ఆయన కోరిక. మన భాషలో రాస్తే ఎవరూ భయపడటం లేదట.

మాస్టారికి మేం పెట్టుకున్న పేరు ఆఫాన్ మాస్టారు. ఎందుకంటే ఆయనకి ప్రాణమంతా ఆఫ్, ఆన్, అప్, అవుట్ అనే ఆ తోక మాటల మీదే. "పుట్ అంటే పెట్టడం. దాని వెనక ఆన్ తగిలిస్తే తొడుక్కోవడం, అవుట్ తగిలిస్తే ఆర్పడం, ఆఫ్ తగిలిస్తే వాయిదా వెయ్యడం. ఇదేం చోద్యం అనుకోకండి. మనకి లేవా? తినడం వేరు, తినెయ్యడం వేరు. వెళ్ళడం వేరు, వెళ్ళిపోవడం వేరు." ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గేది. సుద్దపొడి వల్ల అనుకునేవాళ్లం.

ఆ తోక మాటల పక్కన యాడ్వర్బు ఎక్కడ పెట్టాలన్నది మాకు ఎప్పటికీ ఎక్కని పాఠం. గబగబా, మెల్లగా, అనుకోకుండా లాంటి మాటలన్నమాట. షి క్విక్లీ టర్న్‌డ్ ఆఫ్ ది లైట్ అనొచ్చు. షి టర్న్‌డ్ ఆఫ్ ది లైట్ క్విక్లీ అనీ అనొచ్చు. షి టర్న్‌డ్ క్విక్లీ ఆఫ్ ది లైట్ అన్నామా, మాస్టారు డస్టర్‌తో బల్ల మీద కొట్టేవారు. "ముందు నిలబడనివ్వండి, చివర నిలబడనివ్వండి. టర్న్‌డ్‌కీ ఆఫ్‌కీ నడుమ మాత్రం పోనివ్వకండి. ఇద్దరి మధ్య మూడోది దూరకూడదు."

ఈ ఒక్క ముక్కని ఆయన ఎంత కోపంగా అనేవారంటే, ఇది గ్రామరు సంగతి కాదని నాకు మొదటి వారమే అనుమానం వచ్చింది. నాకు అనుమానం వస్తే అది తీరేదాకా అన్నం సయించదు. మా ఇంట్లో దీన్ని ముక్కు దూర్చడం అంటారు, నేను మాత్రం శ్రద్ధ అంటాను.

ఇంకో వింత ఏమిటంటే, ఆయన బోర్డు మీద రాసే వాక్యాలన్నీ పాస్ట్ టెన్సే. "జరిగినదాన్నే తప్పు లేకుండా చెప్పగలం. జరగబోయేది ఎవరికి తెలుసు?" అనేవారు. అన్నీ షి తోనే మొదలయ్యేవి. షి క్వైట్లీ కేమ్ ఇన్. ఆమె చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చింది. షి కేర్‌ఫుల్లీ టుక్ ఆఫ్ హర్ గ్లాసెస్. జాగ్రత్తగా కళ్లజోడు తీసింది. షి ఆల్వేజ్ స్టేడ్ అప్. అంటే, ఎప్పుడూ మేలుకునే ఉండేది. ఒకసారి షి రిపీటెడ్లీ పుట్ ఆఫ్ ది వెడ్డింగ్ అని రాశారు. పెళ్లి మాటిమాటికీ వాయిదా వేసింది. ఆ రోజు మెట్లు దిగుతూనే లిఫ్టు మెకానిక్ తేల్చేశాడు.

"అర్థమైందా అక్కా? మాస్టారు పెళ్లి చేసుకోకపోవడానికి కారణం ఆవిడే. ఇదిగో అదిగో అని ఏళ్ల తరబడి తిప్పింది. చివరికి చెయ్యిచ్చింది."

"పాపం" అన్నారు ఓవర్సీయర్ గారు. "వదిలి వెళ్ళిపోయినవాళ్ల గురించి వాక్యాలు రాసుకుంటూ బతికేస్తున్నాడు మానవుడు."

ఇంగ్లీషు చేసే మోసం ఇదే. షి అనే మాట కింద ఎంతమంది ఆడవాళ్లనైనా దాచెయ్యొచ్చు. మన దగ్గర ఆ సుఖం లేదు. వచ్చింది అనాలా వచ్చారు అనాలా అన్న దగ్గరే గుట్టు రట్టవుతుంది. అందుకే నేనొక రోజు అమాయకంగా మొహం పెట్టి అడిగాను. "మాస్టారూ, షి క్వైట్లీ కేమ్ ఇన్ అన్నదాన్ని తెలుగులో వచ్చింది అని రాయమంటారా, వచ్చారు అని రాయమంటారా?"

ఆయన సుద్దముక్కని వేళ్ల మధ్య తిప్పారు. "వచ్చింది" అన్నారు. "వచ్చింది అనే రాయండి." ఓవర్సీయర్ గారు వెనక్కి తిరిగి నాకేసి కళ్లెగరేశారు. అంత చనువు ఉన్న మనిషే అన్నమాట అని మేం తీర్మానించుకున్నాం.

ఆయన ఎప్పటికీ రాయని వాక్యం ఒకటుంది. ఒకసారి లిఫ్టు మెకానిక్ లేచి, "మాస్టారూ, గో అప్ అయింది, కమ్ డౌన్ అయింది, అది నా వృత్తే. గో అవే అయింది. కమ్ బ్యాక్ ఎప్పుడు చెప్తారు? షి కేమ్ బ్యాక్ అని రాసి దానికో యాడ్వర్బు పెట్టండి" అన్నాడు.

"అది వద్దు."

"ఎందుకండీ?"

"జరగలేదు కాబట్టి" అన్నారు మాస్టారు. వెంటనే తడబడి, "అంటే, ఈ పాఠంలో లేదు కాబట్టి" అని సర్దుకున్నారు. మేం తలలు దించుకున్నాం. సర్దుకునేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. కింద సైకిల్ షాపులో పంపు కొడుతున్న చప్పుడు క్లాసంతా నిండిపోయింది.

అదే వారం ఇంకో వాక్యం వచ్చింది. షి డెలిబరేట్లీ లెఫ్ట్ అవుట్ ఎ వర్డ్. ఆమె కావాలనే ఒక మాట వదిలేసింది. ఏ మాటో ఎవరికీ తెలియలేదు. ఓవర్సీయర్ గారు మాత్రం తన తర్వాతి ఫిర్యాదులో ఈ డెలిబరేట్లీని వాడుకున్నారు. నీళ్ల ఆఫీసు వాళ్లు కావాలనే తమ వీధిని వదిలేశారని రాస్తే, కుళాయి వచ్చిందట.

ఒక మధ్యాహ్నం షాపులో పని పల్చగా ఉంది. ఒక పెద్దావిడ వచ్చి కౌంటర్ ముందు కూర్చుంది. నెరిసిన జుట్టు, కుడి చూపుడు వేలి మీద సూదిపోట్లకి గట్టిపడ్డ చర్మం. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, వెలుతురుకేసి పట్టి చూసి, అప్పుడు గానీ మాట్లాడలేదు.

"అద్దం మార్చాలమ్మాయ్. శనివారానికల్లా కావాలి. ఆదివారం పొద్దున్నే మేం ఊరొదిలి వెళ్ళిపోతున్నాం. అక్కడికి పోయాక షాపులెక్కడున్నాయో వెతుక్కోలేను."

నేను చీటీ రాస్తున్నాను గానీ బుర్రలో హోంవర్కు తిరుగుతోంది. పైకే గొణిగాను. "షి టుక్ కేర్‌ఫుల్లీ ఆఫ్ హర్ గ్లాసెస్."

ఆవిడ నవ్వింది. "తప్పు. ఇద్దరి మధ్య మూడోది దూరకూడదు."

నా పెన్ను ఆగిపోయింది. "మీకు ఇంగ్లీషు వచ్చా అమ్మా?"

"నా మొహం. ఆ ఒక్క ముక్కే వచ్చు. మావాడు పరీక్షలకి పైకి చదివేవాడు, నేను పక్కన కూర్చుని కాజాలు కుట్టేదాన్ని. పొరపాటు చేసినప్పుడల్లా వాడికి వాడే చెప్పుకునేవాడు, ఇద్దరి మధ్య మూడోది దూరకూడదు, దూరకూడదు అని. వాడు పాసైపోయి ఊరుకున్నాడు. నా చెవిలో మాత్రం ఉండిపోయింది."

"మీవాడంటే?"

"తమ్ముడు."

"ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తారా?"

ఆవిడ తుడిచిన కళ్లజోడునే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. "నీకెలా తెలుసు?" అంది తలెత్తకుండా.

సాయంత్రం క్లాసు సంగతి చెప్పాను. ఎలా ఉన్నాడు, తింటున్నాడా అని అడుగుతుందనుకున్నాను. ఆవిడ అడిగింది వేరే.

"పై గుండీ పెట్టుకుంటున్నాడా?"

"ఊపిరాడుతుందో లేదో అన్నంతగా."

"చిన్నప్పుడు గాలి తగిలితే చాలు, గొంతు వాచిపోయేది వాడికి. పై గుండీ పెట్టుకోందే గడప దాటనిచ్చేదాన్ని కాదు." గాజుపెట్టెలో ఉన్న ఫ్రేములకేసి చూసింది. కళ్లజోడు లేని కళ్లకి అవి కనిపించవని నాకు తెలుసు.

అడగ్గా అడగ్గా చెప్పింది. అమ్మా నాన్నా పోయేనాటికి తమ్ముడికి బూట్ల తాళ్లు కట్టుకోవడం కూడా రాదు. కుట్టు కార్ఖానా నుంచి చొక్కాలు ఇంటికి తెచ్చుకుని, కాజాలు కుట్టి వాణ్ణి పెంచింది. పెళ్లి మాట వస్తే వాడి చదువయ్యాక అంది, చదువయ్యాక వాడు కుదురుకున్నాక అంది. అలా అంటూ ఉండగానే జుట్టు నెరిసింది. అప్పుడు, ఎవరూ ఊహించని వయసులో, బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే ఒకాయన అడిగాడు. భార్య పోయిన మనిషి. ఈవిడకీ ఆయన నచ్చాడు. తమ్ముడితో చెప్పింది.

"ఏమన్నారు?"

"నీ ఇష్టం అన్నాడు."

"బాగానే ఉందిగా."

"నువ్వింకా చిన్నదానివి" అంది ఆవిడ. "నీ ఇష్టం అంటే నా ఇష్టం కాదనే. అరిచినా బాగుండేది, నాలుగు తిట్టి ఉండేదాన్ని. ప్రూఫులు ముందేసుకుని, తలెత్తకుండా, నీ ఇష్టం అన్నాడు. నీ ఇష్టం అన్నవాడి గడప మళ్లీ ఎవరు తొక్కుతారమ్మా? పిలుస్తాడేమో అని చూశాను. ఎక్కడో దూరాన లేనుగా, నాలుగు వీధుల అవతలే ఉన్నాను. పిలవలేదు."

ఆవిడ వెళ్లాక మాస్టారి వాక్యాలన్నీ నాలో మళ్లీ మొదట్నుంచి తిరగడం మొదలెట్టాయి. చప్పుడు చెయ్యకుండా వచ్చింది, చదువుకుంటున్న పిల్లాడికి అడ్డం రాకూడదని. ఎప్పుడూ మేలుకునే ఉండేది, కాజాల కోసం. పెళ్లి వాయిదా వేసింది. వేసింది తన పెళ్లే, ఆయన కోసం. మేం ఆవిణ్ణి ప్రియురాల్ని చేసి, నిర్దయురాల్ని చేసి, మెట్ల మీద నవ్వుకున్నాం. నాకు సిగ్గేసింది. దానికన్నా ఎక్కువ కోపం వచ్చింది. నాలుగు వీధులు. చీటీలో రాసుకున్న అడ్రసు చూస్తే, ఆయన ప్రెస్సుకి వెళ్లే బస్సు ఆవిడ వీధి మొదట్లోనే ఆగుతుంది. రోజూ ఆ స్టాపులో కిటికీలోంచి చూస్తూ కూర్చునే మనిషి, దిగడానికి ఏం రోగం?

ఆ సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. మాస్టారు బోర్డు తుడుస్తున్నారు. వెనక్కి తిరగలేదు.

"నువ్వు మధ్యలో దూరకమ్మా" అన్నారు.

"దూరను. ముందో చివరో నిలబడతాను. ఆదివారం పొద్దున వాళ్లు వెళ్ళిపోతున్నారు మాస్టారూ. రైల్లో ఒక పగలంతా ప్రయాణమట. వాళ్లాయనకి అక్కడెక్కడో పెద్ద బేకరీలో పని దొరికింది."

"వెళ్లినవాళ్లే రావాలి."

"ఎందుకు?"

అప్పుడు చెప్పారు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట, సుద్దపొడి చేతులతో కుర్చీ వీపు పట్టుకుని, ఒక తెల్లగోడకి చెప్తున్నట్టు చెప్పారు.

"మనం గుమ్మం దాటేటప్పుడు ఏమంటాం? వెళ్ళొస్తాను అంటాం. పాలకి వెళ్లినా అంటాం, పక్కింటికి వెళ్లినా అంటాం. తిరిగి రానివాళ్లు కూడా, ఎదుటివాళ్ల ముఖం చూసి, వెళ్ళొస్తాననే అంటారు. మా అక్క ఆ మాట పలక్కుండా ఎప్పుడూ బయటికి పోలేదు. ఆ రోజు మాత్రం వెళ్తున్నా అంది. అంతే. అదైనా సగం మింగి, పళ్ల మధ్యనుంచి అంది. వస్తా అన్న మాట తీసేసింది. ఒక్క కామా పోతే పట్టుకునేవాణ్ణి, అంత పెద్ద మాట పోతే నాకు తెలీదా? కావాలనే వదిలేసింది. రానని చెప్పకుండానే చెప్పింది."

నీ ఇష్టం అన్న రెండు మాటల్ని పట్టుకుని అక్కడ ఆవిడ, వస్తా అనని ఒక్క మాటని పట్టుకుని ఇక్కడ ఈయన. ఇద్దరూ ఒకే చెట్టు కాయలు.

"పై గుండీ పెట్టుకుంటున్నాడా అని అడిగారు" అన్నాను చివరికి. "అడిగింది అదొక్కటే."

మాస్టారి చెయ్యి తనంతట తనే గొంతు దగ్గరికి పోయింది. గుండీని పట్టుకుని అలా నిలబడ్డారు. చొక్కా మెడ మీద తెల్లగా వేళ్ల గుర్తులు పడ్డాయి. ఆదివారం పొద్దున్నే బస్‌స్టాపులో ఉంటానని చెప్పి, నేను సంచీ తీసుకుని దిగిపోయాను. వస్తారో రారో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆదివారం పొద్దున కళ్లజోడు డబ్బా చేత్తో పట్టుకుని బస్‌స్టాపుకి వెళ్లేసరికి ఆయన నాకంటే ముందే అక్కడ ఉన్నారు. శనివారం ఆవిడ కళ్లజోడు తీసుకెళ్లడానికి వస్తే, స్క్రూ ఇంకా బిగించాలి, ఇంటికే తెచ్చిస్తానని అబద్ధం ఆడాను. నా ఉద్యోగంలో నేనాడిన అబద్ధాల్లో అంత పుణ్యమైనది ఇంకోటి లేదు. బస్సులో ఆయన ఒక్కసారే మాట్లాడారు. "నన్ను చూసి తలుపేసేస్తే?" అన్నారు. చిన్నపిల్లలు అడిగినట్టే అడిగారు.

"వేస్తే తట్టండి" అన్నాను.

తలుపు వెయ్యడానికి అక్కడ తీరిక ఎవరికీ లేదు. వీధిలో వ్యాను ఆగి ఉంది. లావుపాటి మనిషి ఒకాయన, చేతుల మీద పాత కాలిన మచ్చలతో, బీరువాని తాడుతో కట్టి ఊపిరి బిగబట్టి లాగుతున్నాడు. మమ్మల్ని చూసి, "ఎవరో వచ్చారు చూడు" అని లోపలికి కేకేశాడు. తమ్ముణ్ణి ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు.

లోపల గదులు ఖాళీ అయిపోయి గొంతులు మార్మోగుతున్నాయి. గోడల మీద పటాలు తీసిన చోట్లు లేతగా కనిపిస్తున్నాయి. కుట్టుమిషను ఒక్కటే మిగిలింది. ఆవిడ వెనక గదిలోంచి వచ్చింది. ఒక చంకలో దిండ్ల మూట, ఇంకో చేతిలో గిన్నెల సంచీ, పళ్ల మధ్య తాళంచెవుల గుత్తి. గుమ్మంలో నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. నోట్లో గుత్తితోనే ఏదో అంది. ఏమందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మాటలో సగం పళ్ల వెనకే ఉండిపోయింది.

మాస్టారు ఆవిడ ముఖం చూడలేదు. ఆ గుత్తినే చూస్తున్నారు.

ఆవిడ మూట కింద పడేసి గుత్తి తీసింది. "చిక్కిపోయావేంటి అంటున్నాను, వినపడదా?"

"అక్కా" అన్నారు మాస్టారు. "ఆ రోజు కూడా నోట్లో తాళంచెవి ఉందా?"

"ఏ రోజు?"

"నువ్వు వెళ్లిన రోజు."

"ఇన్నేళ్లకి వచ్చి అడిగేది అదా?" అంది ఆవిడ. అన్నా, అలవాటు కొద్దీ జవాబు చెప్పింది. "ఉండే ఉంటుంది. రెండు చేతుల్లోనూ సామాను, తాళంచెవి ఇంకెక్కడ పెట్టుకుంటాను? మనింటి చెవి నీ బల్ల మీద పెట్టేసి వెళ్దామని తీశాను. నువ్వు తలెత్తితేగా? ఆ ఉక్రోషంలో నోట్లోనే పెట్టుకుని వచ్చేశాను. ఇదిగో." గుత్తిలోంచి ఒక పాత ఇత్తడి చెవిని వేరు చేసి చూపించింది. మిగతావాటి కన్నా అది నున్నగా మెరుస్తోంది. "తాళం మార్చేసి ఉంటావులే."

"మార్చలేదు."

"ఎందుకని?"

ఆయన కుట్టుమిషను మీద చెయ్యి ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ప్రూఫు మీంచి ఒక్కసారి తలెత్తి ఉంటే నోట్లో ఆ తాళంచెవి కనిపించేదిగా అని, అందులోనే ఏదో అంటున్నారు. ఆవిడకి ఈ వ్యాకరణమేదీ అర్థం కాలేదు. దగ్గరికొచ్చి, చొక్కా మెడ పట్టుకుని, పై గుండీ తీసేసింది.

"ఇంత ఉక్కలో ఇదేంటిరా? పెద్దాడివయ్యావు, ఇంక వాయదులే గొంతు" అంది. ఆవిడ కూడా ఏడుస్తోంది.

మాస్టారు బీరువా ఎత్తడానికి సాయం పట్టారు. ప్రూఫులు దిద్దే చేతులు, ఏ మూలకీ చాలలేదు. "కాస్త కిందికి పట్టుకోండి బావగారూ" అని ఆయన అనగా విన్నాను. లావుపాటాయన బీరువాని అలాగే పట్టుకుని ఆగి, ఆయనకేసి చూసి, కిందికి పట్టుకున్నాడు. అంతకుమించి వాళ్లిద్దరి మధ్య రాయబారం ఏమీ జరగలేదు.

నేను కళ్లజోడు ఇచ్చాను. పెట్టుకుని ముందు తమ్ముడి ముఖం చూసింది, చాలాసేపు చూసింది. ఇల్లు ఖాళీ చేసి తాళం వేసింది. ఇత్తడి చెవి ఇచ్చెయ్యబోతే మాస్టారు ఆవిడ పిడికిలి మూసేశారు. "నీ దగ్గరే ఉండనీ. ఎప్పుడైనా నేను ఇంట్లో లేనప్పుడు వస్తే ఎలా?" అన్నారు.

వ్యాను కదిలే ముందు ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. నోట్లో ఏమీ లేదు. చేతులు రెండూ ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. "వెళ్ళొస్తా" అంది. వీధంతా వినిపించేలా, ఏ ముక్కకి ఆ ముక్క విడిగా అంది. మాస్టారు తలూపారు. వ్యాను మలుపు తిరిగాక కూడా తలూపుతూనే ఉన్నారు. అక్క దొరికిన పూటే అక్క వెళ్ళిపోయింది. నాలుగు వీధుల దూరంలో ఉన్నన్నాళ్లూ వెళ్లని మనిషి, ఆ ఖాళీ వీధిలో బస్సు ఎక్కమంటే ఎక్కక, రెండు బస్సులు వదిలేశారు.

సోమవారం సాయంత్రం మాస్టారు పై గుండీ లేకుండా క్లాసుకి వచ్చారు. లిఫ్టు మెకానిక్ నన్ను మోచేత్తో పొడిచాడు. ఆయన బోర్డు మీద రాశారు. షి డెలిబరేట్లీ లెఫ్ట్ అవుట్ ఎ వర్డ్.

"ఇది పాతదేనండీ, అయిపోయింది" అన్నారు ఓవర్సీయర్ గారు. "మొన్న దీంతోనే నాకు నీళ్లొచ్చాయి."

మాస్టారు డస్టర్ కోసం చూడలేదు. అరచేత్తో డెలిబరేట్లీని తుడిచేశారు. షి కి, లెఫ్ట్ కి నడుమ తెల్లటి మరక మిగిలింది.

"అక్కడేం రాయమంటారు?"

"ఏమీ వద్దండి. యాడ్వర్బు లేకపోయినా వాక్యం నిలబడుతుంది." చేతికంటిన సుద్ద చూసుకున్నారు. "ఆమె ఒక మాట వదిలేసింది. జరిగింది అంతే. కావాలనే అన్న ముక్క జరగలేదు. అది నేను పెట్టుకున్నాను."

లిఫ్టు మెకానిక్, ఎందుకడిగాడో వాడికే తెలియాలి, "అయితే కమ్ బ్యాక్ కి పాస్ట్ టెన్స్ ఇవాళ చెప్తారా మాస్టారూ?" అన్నాడు.

"ఇంకా జరగలేదయ్యా" అన్నారు. ఈసారి తడబడలేదు. "జరిగిన రోజున రాద్దాం. బోర్డు కింద కాస్త జాగా ఉంచుదాం."

క్లాసు అయిపోయింది. రోజూ కుర్చీలు లాగిన చప్పుడులో ఎవరేమన్నదీ వినిపించేది కాదు. ఆ రోజు మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డారు. ఓవర్సీయర్ గారు వెళ్ళొస్తానండీ అన్నారు. లిఫ్టు మెకానిక్ వెళ్ళొస్తా మాస్టారూ అన్నాడు. ఒక్కొక్కరూ అంటుంటే ఆయన ఒక్కొక్కరి ముఖంలోకీ చూసి తలూపుతున్నారు. నా చేతుల నిండా పుస్తకాలు, సంచీ, గొడుగు. నేనూ అన్నాను. సగం మెట్లు దిగాక తెలిసింది, నా పళ్ల మధ్య పెన్ను మూత ఉందని.

పుస్తకాలు మెట్టు మీద పెట్టి, మూత తీసి, వెనక్కి ఎక్కాను. ఆయన ఇంకా తలుపు దగ్గరే ఉన్నారు.

"వెళ్ళొస్తాను మాస్టారూ" అన్నాను.